కింది అంచులో అక్షరం

ధర్మవరం పట్టుచీరల అంచులకు గ్రాఫు గీయడం నా వృత్తి. పూలు, హంసలు, మామిడి పిందెలు గీసేవాళ్ళు మా కాలంలోనూ చాలామంది ఉండేవారు. నేను గీసినవి ఎక్కువగా అక్షరాలు. పెండ్లికూతురి పేరు చీర మీద కావాలన్నా, గుడికి ఇచ్చే వస్త్రం మీద దేవుడి నామం కావాలన్నా, బెంగళూరు అంగడివాళ్ళకు కన్నడ అక్షరాలు కావాలన్నా చివరికి నా బల్ల దగ్గరికే వచ్చేవారు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "అప్పట్లో కంప్యూటర్లు లేవు గదా సార్, ఎట్ల గీసినారు?" అని అడుగుతారు. ఎలా గీశానో చెప్పడం సులభం. పెన్సిలు, రబ్బరు, కిటికీ పక్క వెలుతురు. ఏ అక్షరాన్ని ఎక్కడ గీయకూడదో తెలుసుకోవడమే కష్టమైంది. అది నాకు గురువులెవరూ నేర్పలేదు. ఒక అవ్వ, ఒక శెట్టి, ఒక పండ్ల డాక్టరు తలా కొంచెం నేర్పారు. పండ్లు అంటే మా సీమలో దంతాలు. తినే పండ్ల సంగతి కాదు.

తాత తవ్వించిన బావి

నేను ఈ పనికి పుట్టినవాణ్ణి కాను. ఈ మాట దాచను, తగ్గించీ చెప్పను. మా వంశం ఒకప్పుడు గోరంట్ల చుట్టుపక్కల పల్లెలకు పెద్దరికం చేసింది. పెనుకొండలో మాకు రెండు చావళ్ళ ఇల్లు ఉండేది. మా తాత ఎవరి ముందూ తల వంచలేదని ఇంట్లో కథగా చెప్పుకునేవారు. ఆయన పెనుకొండలో బాట పక్కన దారినపోయేవారి కోసం ఒక బావి తవ్వించాడు. దాని గట్టు మీద నున్నటి బండ పరిచి, తన పేరు, తన తండ్రి పేరు, బావి తవ్వించిన సంగతి లోతుగా చెక్కించాడు.

నేను అక్షరాలు దిద్దింది ఆ బండ మీదనే. మా నాయన నా చూపుడువేలు పట్టుకుని ఆ గాడుల్లో తిప్పేవాడు. ఎండకు బండ కాలుతుంటే వేలు వెనక్కి తీసుకునేవాణ్ణి. "కాలనీ. కాలితే మరిచిపోవు," అనేవాడు. మరిచిపోలేదు. ఆ తర్వాత ఎన్ని భాషల అక్షరాలు గీసినా, అక్షరం అంటే నాకు ముందు గుర్తుకొచ్చేది వేలి కొనకు తగిలే ఆ వేడి గాడే.

వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి, తర్వాత ఇల్లు పోయింది. బావి ఎండిపోయింది. ఎండిన బావిని పూడ్చి ఆ చోట బస్సులు నిలుపుకున్నారు. ఎదురుగా ఒకాయన హోటలు పెట్టాడు. నున్నటి బండ ఎవరికి చేదు? దాన్ని తీసుకుపోయి, జనం చేతులు కడుక్కునే చోట పరిచాడు. హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సు సరిగ్గా ఆ హోటలు ముందు ఆగేది. అందరూ దిగి, తిని, తాగి, మా తాత పేరు మీద పుక్కిలించి వచ్చేవారు. ఎంత దాహమైనా నేను ఆ బస్సు దిగలేదు. కిటికీ వైపు కూడా చూసేవాణ్ణి కాదు.

హోటలాయనను అడిగి ఉండవచ్చు కదా అంటారు. అడిగితే అది నా తాత బండ అని చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు. అడుక్కోవడం మా ఇంట్లో నేర్పని విద్య.

గళ్ళలో గుండ్రం

ధర్మవరంలో నన్ను పనిలో పెట్టుకున్నది నంజుండ శెట్టి. పట్టు, జరీ తానే ఇచ్చి, ఇళ్ళలో మగ్గాల మీద నేయించి, చీరలు తీసుకుని అమ్మే వ్యాపారి. హిందూపురం వైపు మనిషి గనుక మాటల్లో సగం కన్నడం దొర్లేది. నా చేతిరాత చూసి, "నీ రాత బాగుండాది, నీ తలరాతే బాగలేదు. గ్రాఫు నేర్చుకుంటావా దొరా?" అన్నాడు. ఆ రోజు నుంచి బజారంతా నన్ను దొరా అని పిలిచింది. సగం వెటకారం, సగం అలవాటు. నేను సరిచేయలేదు. ఆ పేరుకు నాకు హక్కు ఉందనే అనుకున్నాను.

అప్పుడు మా ఊళ్ళోకి జక్కార్డు పెట్టెలు ఒకటొకటిగా వస్తున్నాయి. తెలియనివారి కోసం చెబుతున్నాను. మగ్గం మీద పొడుగునా సాగేవి పడుగు పోగులు, అడ్డంగా నాడెతో పోయేది పేక. గ్రాఫు కాగితంలో గడి నింపితే అక్కడ జరీ పైకి తేలుతుంది, ఖాళీ వదిలితే అడుగుకు పోతుంది. ఆ గ్రాఫు చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి, అట్టలను దండగా కుట్టి, మగ్గం మీది పెట్టెకు తగిలిస్తారు. ఏ పోగు లేవాలో ఆ దండ చెబుతుంది. అంచు చీర పొడుగునా పోతుంది గనుక అక్షరం పక్కకు తిరిగి పడుకుని, ముల్లంగి తరిగినట్టు ముక్కముక్కగా పుడుతుంది. పైగా చీర మగ్గం మీద బోర్లా ఉంటుంది. నేసేవాడికి కనిపించేది వీపే. ముఖం ఎలా వచ్చిందో చూడాలంటే అడుగున అద్దం పెట్టాలి.

అలా చూసినప్పుడే ప్రతి లిపికీ ఒక స్వభావం ఉందని తెలిసింది. మన తెలుగు గుండ్రం. తాటాకు మీద గంటంతో తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందని పెద్దలు గుండ్రంగా తిప్పారంటారు. నిజమో కాదో పండితులు తేల్చుకోవాలి. మగ్గం మీద మాత్రం ఆ గుండ్రం మేలే చేసింది. జరీ పొడుగ్గా ఎక్కడా తేలదు. కానీ గళ్ళ కాగితంలో గుండ్రం రావాలంటే మెట్లు మెట్లుగా కట్టుకుంటూ పోవాలి. చిన్న అంచులో తెలుగు ఇమడదు, దానికి చోటు కావాలి. పెద్దింటి మనిషిలాగా. కన్నడం దానికి తోడబుట్టింది, తల మీద కొప్పు ఒక్కటే వేరుగా చుట్టుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు బడి వరుసలో పిల్లల్లా ఎవరికి వారు విడిగా నిలబడతాయి. ఎవరైనా గీయగలరు.

హిందీ, సంస్కృతం రాసే నాగరి లిపి నాకు మొదట దెబ్బ కొట్టింది. దాని నిలువు గీత అంచుకు అడ్డంగా పడుతుంది. అంటే జరీ ఒకే దూకుగా పోగులన్నీ దాటిపోతుంది. అలా నేసిన చీర కొన్న హిందూపురం ఇల్లాలు నెల తిరక్కుండా తిరిగి వచ్చింది. గీత గాజుకు తగులుకుని పోగు లేచింది. "దేవుడి పేరు నా చేతికే వచ్చేసింది చూడప్పా," అని నవ్వింది. ఆమె నవ్వింది గనుక బతికాను. అప్పటి నుంచి నిలువు గీతలో మధ్యమధ్య ఒక గడి ఖాళీ వదలడం అలవాటు చేసుకున్నాను. చూపుకు గీత ఒకటే, అడుగున కట్టు పడుతుంది. ఈ ఒక్కటి నేర్చుకోండి, చాలా తలవంపులు తప్పుతాయి.

ఉర్దూ విషయంలో దెబ్బ తిన్నది శెట్టి. పెనుకొండ సాయిబు ఒకాయన కూతురి పెండ్లికి ఎర్రని ఓణీ మీద ఆమె పేరు నేయమన్నాడు. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దానికి తగ్గట్టే నేను గ్రాఫు గీశాను. శెట్టికి కూడా ఆ సంగతి ఎవరో చెప్పారు. నాకు తెలియదనుకుని, నాకు సాయం చేద్దామని, అట్టల దండ విప్పి వెనక నుంచి ముందుకు కట్టించాడు. పేరు తిరగబడి వచ్చింది. సాయిబు ఓణీ చూశాడు, కోపం తెచ్చుకోలేదు. గోడ మీది అద్దానికి ఎదురుగా పట్టి, "అద్దంలో మా బిడ్డ పేరు బాగుండాది శెట్టీ. అద్దాన్ని గూడా కట్నంలో పంపిస్తావా?" అన్నాడు. శెట్టి తన పట్టుతో, తన ఖర్చుతో ఇంకొకటి నేయించి, పెండ్లికి తానే పట్టుకుపోయి ఇచ్చాడు. శెట్టి అలాంటి మనిషి. పొగరు, తొందర, దాని కింద ఒక నిజాయితీ. అంతకంటే చెడ్డ యజమానులు మీకు చాలామంది దొరుకుతారు.

సిప్పం మీది పువ్వులు

యాభైల చివర్లో ఒకసారి బెంగళూరు మీదుగా శెట్టికి విదేశీ పట్టు సిప్పాలు వచ్చాయి. ప్రతి సిప్పం మీద ఒక తెల్లని చీటీ, దాని మీద ఎర్రగా రెండు వరుసల గుర్తులు. శెట్టి ఆ చీటీని జాగ్రత్తగా ఊడదీసి నా బల్ల మీద పెట్టాడు.

"చూడు దొరా, ఎంత బాగుండాయో. ఇట్లాంటి పువ్వులు ఈ సీమలో ఎవురూ ఏయలేదు. రెండంచులకూ ఇవే ఏద్దాం. బెంగళూరోళ్ళు ఎగబడి కొనాల."

"ఇవి పువ్వులు కావు శెట్టిగారూ. చైనా వాళ్ళ అక్షరాలు."

"మనకు చదవను రాదు గదా? చదవను రానిది పువ్వే!"

నేను గీశాను. గీస్తూ ఆ లిపి మీద ప్రేమ పెంచుకున్నాను, అది ఒప్పుకోవాలి. ఒక్కో అక్షరం ఒక్కో చదరంలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. గ్రాఫు కాగితం వాళ్ళ కోసమే పుట్టిందా అనిపించింది. మెట్లు కట్టే అవసరం లేదు, కట్టు కోసం అక్కడక్కడా ఒక గడి వదిలితే చాలు. ఒకే చదరంలో ఒక ఇల్లు కట్టి, ఇంట్లో మనిషిని పెట్టి, తలుపు వేసినట్టు ఉండేది. లోపల ఎవరున్నారో మాత్రం తెలియదు.

గ్రాఫు పట్టుకుని శెట్టీ నేనూ ఓబులేసు ఇంటికి పోయాం. శెట్టి మగ్గాల్లో అందరికంటే నమ్మకమైన చేయి ఓబులేసుది. ఆ యేడు వానలు లేవు. అతని తమ్ముళ్ళు గొర్రెలు తోలుకుని ముదిగుబ్బ వైపు పోయారు. ఇంట్లో ఆడుతున్నది ఆ ఒక్క మగ్గమే, ఇంటిల్లిపాదీ దాని మీదనే. శెట్టి ఇచ్చిన నెమలికంఠం రంగు కొత్త పడుగు అప్పుడే ఎక్కించి ఉంది.

ఓబులేసు తల్లి లచ్చుమవ్వ గడప పక్కన కూర్చుని జరీ కండెలు చుడుతోంది. గ్రాఫు చూసి, "ఏమప్పా ఇవి, సాలెపురుగులా?" అంది.

"అక్షరాలవ్వా. చైనా దేశానివి," అన్నాను.

కండె తిప్పుతున్న చేయి ఆగింది. "యాడ పెడతారు?"

"రెండంచులకూ," అన్నాడు శెట్టి.

"కింది అంచుకు గూడానా?"

"రెండంచులంటే కిందిది గూడా గదా, అవ్వా."

"అయితే మా ఇంట్లో నేసేది లేదు," అంది అవ్వ, మళ్ళీ కండె చుట్టడం మొదలుపెట్టి.

మగ్గం ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. పేరు కొంగు మీద వేస్తారు, భుజం మీదికి వచ్చే పై అంచుకు వేస్తారు. కాళ్ళ దగ్గర ఆడే కింది అంచుకు అక్షరం వేయరు. కాగితం ముక్క కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జనం మనం. ఆ పట్టింపు తెలుగు అక్షరానికీ, దేవుడి పేరుకీ అనుకున్నాను నేను. శెట్టి కూడా అదే అనుకున్నాడు.

"అవ్వా, ఇవి మనవి గాదు. యాడో సముద్రాల అవతలోళ్ళవి. మనకేం పాపం?"

"వాళ్ళకు అచ్చరాలేనా, కాదా?"

"వాళ్ళకైతే అచ్చరాలే."

"మల్ల? ఏ దేశానిదైనా అచ్చరం అచ్చరమే గదా శెట్టీ. దాంట్లో వాళ్ళ దేవుడి పేరే ఉండాదో, ఎవురి తల్లి పేరు ఉండాదో! తెలీకుండా కాళ్ళకాడ ఎట్ల ఏస్తావు?"

ఓబులేసు తల దించుకుని పోగులు సరిచేస్తున్నాడు. తల్లిని కాదనలేడు, శెట్టిని కాదనలేడు.

శెట్టికి కోపం వచ్చింది. "నా పట్టు, నా జరీ, నా దుడ్లు. సంతనాటికి మొదలుపెట్టకపోతే పడుగు కోసుకుని పోతా. వేరే మగ్గాలు లేవా ఊళ్ళో?"

పడుగు కోసుకుపోవడం అంటే కూడు ఆగిపోవడమేనని మగ్గం ఇళ్ళలో చెప్పనక్కర్లేదు. ఓబులేసు పెండ్లాము లోపల చేస్తున్న పని ఆపింది. అవ్వ కండె మాత్రం తిరుగుతూనే ఉంది.

నేను కల్పించుకున్నాను. "శెట్టిగారూ, అవ్వ అడిగినదాంట్లో తప్పులేదు. ఏమి రాసి ఉందో కనుక్కుందాం."

అప్పుడు శెట్టి ఆ మాట అన్నాడు. "కనుక్కునేదేముంది దొరా? పెనుకొండ బస్టాండులో మీ తాత పేరు మీద రోజూ ఊరంతా ఎంగిలి చేతులు కడుగుతాండారు. అచ్చ తెలుగే గదా! ఏమైంది? మొగులు ఇరిగి పడిందా?"

ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తెలియదు. అవ్వ కండె ఆపి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి గ్రాఫు కాగితం చుట్టడం మొదలుపెట్టాను.

"ఏమీ కాలేదు శెట్టిగారూ. అందుకే ఇంకొకరి తాతకు అట్లా జరగకూడదంటున్నాను. ఈ అక్షరాల అర్థం తెలిసేవరకు ఈ గ్రాఫుకు అట్టలు కొట్టనివ్వను. ఇది నా చేత్తో గీసింది. నన్ను పనిలోంచి తీసేస్తే తీసేయండి."

అన్న మాట వెనక్కి తీసుకోవడం శెట్టికీ రాదు. "సంతనాటికి," అని మాత్రం అని చెప్పులు వేసుకున్నాడు.

పండ్ల డాక్టరు

హిందూపురం బజారులో ఒక చైనా ఆయన పండ్లు కట్టే అంగడి ఉండేది. గాజుపెట్టెలో కట్టుడు పండ్లు, గోడకు పింగాణీ బేసిను, మధ్యలో ఒక ఎత్తు కుర్చీ. ఒంటరి మనిషి. ఆయన పేరు ఎవరికీ నోరు తిరగక అందరూ పండ్ల డాక్టరు అనేవారు. వచ్చి చాలా ఏళ్ళయింది. కన్నడం, తెలుగు కలిపి తనకు వీలైనట్టు మాట్లాడేవాడు.

నేను లోపలికి పోగానే కుర్చీ చూపించి, "కూసో. నోరు తెరువు," అన్నాడు.

"పంటి నొప్పి కాదండీ. అక్షరం కోసం వచ్చాను."

"అక్షరం నొప్పా?" అన్నాడు చాలా గంభీరంగా.

చీటీ తీసి ఇచ్చాను. ఆయన వెంటనే అందుకోలేదు. బేసిను దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతెత్తి చదివాడు. పాట కాదు, కానీ మెట్లు ఎక్కి దిగినట్టుంది. చదివి మళ్ళీ చదివాడు. అంత చిన్న చీటీ చదవడానికి అంతసేపు పట్టదని నాకు తెలుసు. నేను తొందరపెట్టలేదు.

"ఎవురూ అడగలే," అన్నాడు చివరికి. "నోరు చూడు అంటారు. చదువు అని ఎవురూ అడగలే."

తర్వాత అర్థం చెప్పాడు. మేలు రకం పట్టు. తేమ తగలనివ్వకండి. అంతే.

నాకు నవ్వు వచ్చింది. ఆ చదరాల్లో ఏ దేవుడో ఉన్నాడని ఓబులేసు మగ్గం ఆగిపోయింది. లోపల కూర్చున్నది గోదాము గుమాస్తా. అవ్వ సంగతి, శెట్టి సంగతి చెప్పాను, ఆయన కూడా నవ్వుతాడని. ఆయన నవ్వలేదు.

"ఆ అవ్వ మా ఊరా?" అన్నాడు.

"కాదు, ధర్మవరం."

"మా ఊళ్ళో ఒక ముసలాయన. వీపు మీద బుట్ట. దినమూ వీధులన్నీ తిరుగుతాడు. అక్షరం ఉండే కాగితం కింద పడుంటే ఏరుతాడు. ఎవురు రాసింది, ఏమి రాసింది చూడడు. అన్నీ కుప్ప చేసి, దానికని ఒక చోటుంటుంది, ఆడ కాలుస్తాడు. కాలి కింద పడగూడదు, అంతే." చీటీ నాకు తిరిగి ఇస్తూ, "ఆయనకు చదవను రాదు," అన్నాడు.

నా దగ్గర డబ్బు తీసుకోలేదు. పోయేముందు ఆయన పేరు ఎలా రాస్తారో రాసి ఇమ్మన్నాను. మందు పొట్లాలు కట్టే కాగితం మీద, కలం నిటారుగా పట్టుకుని, ఏ గీత ముందో ఏ గీత వెనకో చూపిస్తూ రాశాడు. తప్పుగా గీస్తే నా వేలు పట్టుకుని దిద్దించాడు. ఆ వయసులో నా వేలు పట్టుకుని దిద్దించినవాడు ఆయన ఒక్కడే. ఆ అక్షరాలు ఇప్పటికీ కళ్ళు మూసుకుని రాయగలను. చదవడం మాత్రం రాదు.

తడి

సంతనాడు శెట్టి నాకంటే ముందే ఓబులేసు ఇంట్లో ఉన్నాడు. పడుగు కోయడానికి మనిషిని తీసుకురాలేదని గమనించాను. నేను సంగతి చెప్పగానే తొడ చరుచుకున్నాడు.

"చూసినావా అవ్వా! దేవుడూ కాదు, తాతా కాదు. సిప్పం మీది సరుకు మాట. ఇంక నెయ్యి ఓబులేసూ!"

"ఉండు శెట్టీ," అంది అవ్వ. "దొరా, ఏమని రాసిరంటివి, మల్ల చెప్పు?"

"మేలు రకం పట్టు. తేమ తగలనివ్వకండి."

"తేమంటే తడే గదా?"

"తడే."

అవ్వ కండె పక్కన పెట్టింది. "శెట్టీ, నీ పెండ్లాము పట్టుచీర కట్టుకుని గుడికి పోతుంది. కాళ్ళు కడుక్కునేకాడ ఏ అంచు తడుస్తాది?"

శెట్టి తన పంచె అంచు వైపు చూసుకున్నాడు.

"తడి తగలనీయొద్దని వాళ్ళు అంత దూరం నుంచి రాసి పంపిస్తే, నువ్వు పోయి పోయి తడిసే అంచుకే ఏస్తానంటివి. సరుకు మీది మాటను యాపారస్తుడే లెక్కజేయకపోతే ఇంకెవురు లెక్కజేస్తారప్పా?"

ఓబులేసు దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. లోపల ఓబులేసు పెండ్లాము గట్టిగానే నవ్వింది. శెట్టి ముఖం మొదట ఎర్రబడింది. ఆయన పాపాన్ని పక్కన పెట్టగలడు గానీ, సరుకు మీద రాసిన మాటను పక్కన పెట్టలేడు. అది ఆయన కులదైవం.

"అవ్వా, నువ్వు అంగడి పెట్టింటే నేను యాడికైనా వలస పోయేవాణ్ణి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ముఖం చూడకుండా, "పై అంచుకు అచ్చరాలు ఉండనీ. కింద ఏమేస్తావో నీ ఇష్టం దొరా," అన్నాడు.

పెనుకొండ మాట గురించి ఇంకేమీ అనలేదు. నేను కూడా ఎదురు చూడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన నన్ను దొరా అన్నప్పుడు వెటకారం వినిపించలేదు.

కింది అంచుకు నీటి అలలు గీశాను. తడిసినా వాటికి నష్టం లేదు. ఒక అంచు ఒకలా, ఇంకో అంచు ఇంకోలా ఉన్న చీర అప్పట్లో కొత్త. బెంగళూరు అంగడివాళ్ళు శెట్టి అనుకున్నట్టే ఎగబడ్డారు. ఆ ఆలోచన తనదేనని శెట్టి చివరిదాకా చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాం. ఓబులేసు మగ్గం ఆ కరువంతా ఆగలేదు.

ఆ చీర ఒకటి డాక్టరుకు చూపించాను. అక్షరాల మీద చేయి వేయకుండా, గాలిలోనే వేలితో తడిమి, "బాగా రాసినావు," అన్నాడు. చైనాతో యుద్ధం వచ్చిన తర్వాత ఒకసారి హిందూపురం పోతే అంగడి తలుపు మూసి ఉంది. ఎక్కడికి పోయాడో పక్క అంగళ్ళవాళ్ళు చెప్పలేదు. తెలియకనో, భయపడో. గాజుపెట్టె మాత్రం అరుగు మీద ఖాళీగా ఉంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఇప్పుడు మీకు ప్రపంచంలోని లిపులన్నీ వేలి కింద ఉన్నాయి. ఏది అందంగా కనిపిస్తే అది తెచ్చి అంచుకు వేయగలరు. వేసేముందు అది చదవగలిగిన మనిషిని వెతకండి. చేతులు కడుక్కుని పట్టుకునేవాడు దొరికితే అతని పక్కన కాసేపు కూర్చోండి.

టీ

ఆ చీర మగ్గం దిగిన కొన్నాళ్ళకు, యుద్ధానికి చాలా ముందే, శెట్టి పని మీద హిందూపురం పోయి తిరిగి వస్తున్నాను. బస్సు పెనుకొండలో ఆగింది. అలవాటుగా రెండో వైపు చూస్తున్నాను. ముందు సీటులో ఎవరో, "ఇదేందిరా, ఈడ కొత్తగా దేవుడు వెలిసినాడే!" అన్నారు. తిరిగి చూశాను.

చేతులు కడుక్కునే చోట కొత్త బండ ఉంది. మా తాత బండ హోటలు గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. దానికి నిండా పసుపు, నడుమ కుంకుమ, పైన ఒక మూర కనకాంబరాలు.

దిగాను. హోటలాయన నన్ను ఎరగడు. బండ ముందు నిలబడితే తానే చెప్పుకొచ్చాడు.

"పొద్దున ధర్మవరం నుంచి ఒక ముసలామె వచ్చింది సామీ. నీళ్ళు తాగను వచ్చిందేమో అనుకుంటి. వచ్చి తిట్టిందీ, తిట్టిందీ! అచ్చరాల మీద ఎంగిలి నీళ్ళు పోస్తాండావు, నీ హోటలు యాడ బాగుపడుతుందిరా అనె. మా పెండ్లాము భయపడిపాయె. పైకి లేపి నిలబెట్టినాకనే బస్సెక్కింది. పసుపు ఆమే రాసె."

లచ్చుమవ్వ నాతో ఈ సంగతి అనలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. ఆమెను అడిగి నేను చిన్నబుచ్చలేదు.

నేను అలాగే చూస్తుంటే హోటలాయనకు అనుమానం వచ్చింది. "ఏం సామీ, చదవను వస్తాదా? ఏముండాది దాంట్లో?"

చదవను వస్తుంది. ఆ గాడులన్నీ నా వేలికి తెలుసు. కానీ వాళ్ళు బండను తలకిందులుగా నిలబెట్టారు. మా తాత పేరు అడుగున, కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. అవ్వకు చదువు రాదు, హోటలాయనకు రాదు. ఎవరి ముందూ తల వంచని మనిషి శీర్షాసనం వేసి పసుపు రాయించుకుంటున్నాడు.

"తవ్వించినవాళ్ళ పేరు. ఇక్కడ బావి ఉండేది," అన్నాను, మెడ ఒరగేసి అక్షరాలు చూస్తూ.

"తలకిందులుగా పెట్టినామా ఏంది? తిప్పమంటారా? మనుషులుండారు, నిమిషం పని."

పసుపు ఇంకా ఆరలేదు. అందులో ఒక ముసలి చేతి వేళ్ళ గుర్తులు, కింది నుంచి పైదాకా, ఏ అక్షరాన్నీ వదలకుండా.

"వద్దు. బాగానే ఉంది," అన్నాను. "ఒక టీ ఇవ్వప్పా."